ప్లేటుకెంత? అడుగుకెంత?



మొన్న మా బంధువులింట్లో పెళ్లి మాటల మధ్య వంటవాళ్లను కుదుర్చుకోవాల్సి వచ్చింది. నన్ను కూడా కూర్చోబెట్టారు. పిల్ల తండ్రి అడిగిన మొదటి మాట, "ప్లేటుకెంత?" వంట మేస్త్రి నవ్వాడు. "ఏం పెట్టమంటారో చెప్పండి బాబూ, ఎంతో తర్వాత చెప్తాను" అన్నాడు. స్వీటు ఒకటా, రెండా? గారెలా, బూరెలా? టమాటా పప్పా, దోసకాయ పప్పా? ఐస్‌క్రీం ఉందా, లేదా? ఆకులెవరివి? నీళ్ల సీసాలెవరివి? గ్యాసు ఎవరిది? అరగంట కూర్చుని ఇవన్నీ కాగితం మీద రాయించాడు. అప్పుడు రేటు చెప్పాడు.

ఆ పెద్దమనిషే అంతకు రెండేళ్ల ముందు ఇల్లు కట్టించాడు. అప్పుడు తాపీ మేస్త్రిని అడిగిందీ అలాంటి ప్రశ్నే. "అడుగుకెంత?" ఈ మేస్త్రి మాత్రం నవ్వలేదు. ఒక అంకె చెప్పాడు. ఈయన బేరమాడి యాభై రూపాయలు తగ్గించాడు. బయానా ఇచ్చేశాడు. మెనూ ఎవరూ రాయలేదు. స్లాబు పడేసరికి ఇద్దరికీ మాటల్లేవు.

ఒక్క పూట భోజనానికి అరగంట రాసుకుంటాం. జీవితంలో ఒక్కసారి కట్టే ఇంటికి ఆ అరగంట కూర్చోం. నేను ముప్పై ఏళ్లకు పైగా భవనాలకు ఎస్టిమేట్లు వేసిన మనిషిని. నేను చూసిన తగాదాల్లో మోసం వల్ల వచ్చినవి తక్కువ. రాసుకోకపోవడం వల్ల వచ్చినవే ఎక్కువ.

అందుకని ఈ పూట మీకు ఒక్కటే మాట చెప్తాను. రేటు అడిగేముందు పనుల చిట్టా రాయండి. ఆ ఒక్క చిట్టానే అందరికీ ఇవ్వండి. మళ్లీ చెప్తున్నాను. ముందు చిట్టా. తర్వాత రేటు.

అడుగుకు ఇంత అన్నప్పుడు, అసలు ఏ అడుగు? అక్కడే మొదటి చిక్కు. గదుల లోపల కొలిచిన అడుగా? గోడలు కూడా కలుపుకొని కొలిచిందా? బాల్కనీ కొసదాకా స్లాబు కొలిచిందా? మీరు ఒకటి అనుకుంటారు. మేస్త్రి ఇంకొకటి అనుకుంటాడు. ఇద్దరూ నిజాయితీపరులే. బిల్లు దగ్గర మాత్రం వంద అడుగుల తేడా వస్తుంది.

ఇక ఆ రేటులో ఏమేం ఉన్నాయి? సంపు ఉందా? సెప్టిక్ ట్యాంకు ఉందా? మెట్ల పైన హెడ్‌రూము ఉందా? అటకలు ఉన్నాయా? "ఆ, అన్నీ ఉన్నాయి సార్, మీరు నిశ్చింతగా ఉండండి" అంటాడు. ఆ "అన్నీ" అనే మాట ఉందే, దాన్ని మాత్రం నమ్మకండి. అన్నీ అంటే ఏవి? రాయించండి.

సరే, చిట్టా ఎలా రాయాలి? దగ్గర్లో పెన్నూ కాగితం ఉంటే తీసుకోండి. ఒక్క గది తీసుకుందాం. లోపలి కొలత 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. గోడ మందం 9 అంగుళాలు. ఎత్తు 10 అడుగులు.

గోడల మొత్తం పొడవు ఎంత? చాలామంది బయటికెళ్లి టేపు పెడతారు. ఇటు పదమూడున్నర, అటు పదకొండున్నర. రెండూ కలిపితే పాతిక. నాలుగు గోడలకు 50 అడుగులు. లెక్క బాగానే ఉన్నట్టుంది కదూ? అందులో 3 అడుగుల గోడ లేనే లేదు. మరి లెక్కలోకి ఎక్కడ వచ్చింది? మూలల్లో. ప్రతి మూలా పొడవు గోడలో ఒకసారి, వెడల్పు గోడలో ఒకసారి లెక్కపడింది. నాలుగు మూలలు, మూలకు ముప్పావు అడుగు. మొత్తం 3 అడుగులు. అందుకే మేం గోడ మధ్యగీత పట్టుకుని కొలుస్తాం. అలా కొలిస్తే 47 అడుగులే వస్తుంది.

మూడు అడుగులే కదా అనుకోకండి. మూడు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, ముప్పావు అడుగు మందం. ఇరవై రెండున్నర ఘనపుటడుగులు. ఘనపుటడుగు గోడకు సుమారు 14 ఇటుకలు పడతాయి. అంటే 315 ఇటుకలు. ఒక్క గదిలో మూలల పుణ్యమా అని ఇన్ని ఇటుకలు. నాలుగు గదుల ఇంట్లో ఎన్నో మీరే వేసుకోండి.

ఇప్పుడు ఆ గదిలో ఒక్క గోడ చూద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. అందులో ఒక తలుపు. మూడున్నర అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. ఒక కిటికీ. నాలుగు బై నాలుగు. గోడ మొత్తం 90 ఘనపుటడుగులు. తలుపూ కిటికీ కలిసి 30 ఘనపుటడుగులు. మూడో వంతు గాలే! ఆ గాలికి కూడా ఇటుకలు కొన్నవాళ్లను నేను చూశాను.

ఇక్కడ మేస్త్రి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ప్లాస్టరింగ్ దగ్గరకొచ్చేసరికి ఇంటాయన ఇదే లెక్క పట్టుకుంటాడు. "తలుపు ఖాళీ తీసెయ్, కిటికీ ఖాళీ తీసెయ్, లోపలా బయటా రెండు వైపులా తీసెయ్" అంటాడు. అది అన్యాయం. కిటికీ చుట్టూ అంచులకు కూడా పూత వెయ్యాలి. మూలమట్టం చూసుకుంటూ, గురి తప్పకుండా వెయ్యాలి. అది నింపాదిగా చెయ్యాల్సిన పని. అందుకే మన దేశంలో కొలతలకు ఒక కోడ్ ఉంది. ఐఎస్ 1200. దాని ప్రకారం, అర చదరపు మీటరు లోపు ఖాళీ అయితే పూత లెక్కలో అసలు తియ్యరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా అయితే ఒక వైపే తీస్తారు. మనం చెప్పుకున్న తలుపూ కిటికీ రెండూ ఈ లెక్కలోకే వస్తాయి. ఒక వైపు తీయండి, రెండో వైపు వదిలెయ్యండి. అది మేస్త్రి అంచుల కూలీ.

ఇటుకల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఘనపుటడుగుకు 14 అన్నది 19 సెంటీమీటర్ల మాడ్యులర్ ఇటుక లెక్క. సిమెంటుతో కలిపి 20 సెంటీమీటర్లు అవుతుంది. ఘనపు మీటరుకు సరిగ్గా 500. కానీ మన బట్టీల్లో ఇటుక సైజు ఊరికో తీరు. కొనేముందు పది ఇటుకలు వరసగా పేర్చి టేపు పెట్టండి. వెయ్యికి రెండొందలు తక్కువని సంబరపడి చిన్న ఇటుక కొంటే, ఇటుకా ఎక్కువ పడుతుంది, సిమెంటూ ఎక్కువ పడుతుంది.

కొలత ఒక్కటే చాలదు. దాని పక్కన రకం రాయాలి. స్లాబు తీసుకోండి. ఆ గదికి బయటి కొలతల మీద స్లాబు సుమారు 155 చదరపుటడుగులు. మందం 4 అంగుళాలా, 5 అంగుళాలా? అంగుళమే తేడా. ఎం-20 కాంక్రీటు వేస్తే, అంటే ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర వేస్తే, ఘనపు మీటరుకు 8 బస్తాల సిమెంటు పడుతుంది. ఆ లెక్కన ఈ చిన్న గదిలో ఒక్క అంగుళం అంటే మూడు బస్తాలు. ఇసుకా కంకరా వేరే. "స్లాబు వేయుట" అని రాసుకుంటే ఆ మూడు బస్తాలు ఎవరివి? మందం ఎంతో, ఇనుము ఎంతో చెప్పాల్సింది మీ డిజైన్ ఇంజనీరు. ఆయన చెప్పింది చిట్టాలో ఎక్కించాల్సింది మీరు.

ఇనుముకు ఒక సులువైన సూత్రం ఉంది. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించండి. 162తో భాగించండి. వచ్చింది మీటరుకు ఎన్ని కిలోలో చెప్తుంది. 12 ఎంఎం కడ్డీ అయితే పన్నెండు పన్నెండ్లు 144. దాన్ని 162తో భాగిస్తే మీటరుకు 890 గ్రాములు. కడ్డీ 12 మీటర్లు ఉంటుంది. ఒక్కోటి సుమారు పది కిలోల ఆరొందల గ్రాములు తూగాలి. లారీ దిగినప్పుడు ఒక కడ్డీ కాటా మీద పెట్టి చూడండి. కొట్టువాడు ఏమీ అనుకోడు. అనుకున్నా ఫరవాలేదు.

ఇదంతా మనకెందుకు, సర్కారు వాళ్లు చేసే పని కదా అంటారేమో. అవును, వాళ్లు చేసేదీ ఇదే. మీ ఊరి బడిలో అదనపు తరగతి గది మంజూరైందనుకోండి. ఏఈ గారు, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, వస్తారు. కొలతలు తీసుకుంటారు. పునాది తవ్వకం ఇంత, కాంక్రీటు ఇంత, గోడ ఇంత, పూత ఇంత అని వరసగా రాస్తారు. ఎదురుగా రేటు వేస్తారు. ఆ రేటు ఆయన సొంత ఊహ కాదు. దానికో పుస్తకం ఉంది. ఎస్సెస్సార్ అంటారు. స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్. ఒక ఘనపు మీటరు పనికి సిమెంటెంత, ఇసుకెంత, మేస్త్రులెందరు, కూలీలెందరు అని విడదీసి రేటు కడతారు. ఆఫీసుల్లో దీన్ని "డేటా" అంటారు. ఇసుక రేవు ఎంత దూరం, క్వారీ ఎంత దూరం అన్నది కూడా చూస్తారు. దాని పేరు "లీడు". ఒకే నమూనా గది గోదావరి గట్టున ఒక ఖరీదు, కొండ మీద గూడెంలో ఇంకో ఖరీదు అవడానికి ముఖ్యమైన కారణం ఈ లీడే.

ఆ అంచనాకు పరిపాలనా అనుమతి రావాలి. సాంకేతిక అనుమతి రావాలి. అప్పుడే టెండరు పిలుస్తారు. కాంట్రాక్టర్లందరి చేతికీ అవే కొలతలు, అవే షరతులు వెళ్తాయి. అంచనా మీద ఎంత శాతం ఎక్కువకు చేస్తావు, ఎంత శాతం తక్కువకు చేస్తావు అన్నదే చాలా పనుల్లో పోటీ. "లెస్సు", "ఎక్సెస్సు" అంటారు. మధ్యలో వెనక్కి పోకుండా ధరావత్తు కట్టించుకుంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఆన్‌లైన్ టెండర్లు మొదలయ్యాయి. అంతకు ముందు పెట్టెలో సీలు కవరు వేసేవాళ్లు. ఆ పెట్టె దాకా పోటీదారుణ్ని రానివ్వకుండా చేసిన తంటాలు పాత కాంట్రాక్టర్లను కదిపితే బోలెడు చెప్తారు.

ఈ హంగులన్నీ మనకు అక్కర్లేదు. టెండరులో మనం నేర్చుకోవలసింది ఒక్కటే. అందరికీ ఒకే చిట్టా.

పచారీ కొట్టుకు వెళ్తాం. ఒకే చీటీ రెండు కొట్లలో ఇస్తే ఎవరు చవకో తెలుస్తుంది. ఒక కొట్లో కందిపప్పు అడిగి, రెండో కొట్లో శనగపప్పు అడిగి, రెండోవాడు చవక అంటే నవ్వుతారు. ఇంటి దగ్గర మనం చేసేది సరిగ్గా అదే. ఒక మేస్త్రి అడుగుకు 2,000 అన్నాడనుకోండి. ఇంకొకాయన 2,200 అన్నాడు. వెయ్యి అడుగుల ఇంటికి రెండు లక్షల తేడా. మొదటాయనకే ఇచ్చేస్తాం. మొదటాయన రేటులో సంపు లేదు. సెప్టిక్ ట్యాంకు లేదు. బయట పూత ఒక్క కోటే. రెండో ఆయన అన్నీ కలిపి చెప్పాడు. ఒకే చిట్టా ఇద్దరి చేతికీ ఇచ్చి ఉంటే ఎవరు చవకో అప్పుడే తేలిపోయేది.

అన్నట్టు, చిట్టాలో పన్ను సంగతి కూడా రాయండి. చెప్పిన రేటులో జీఎస్టీ కలిసిందా, లేదా? 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు పట్టుకొచ్చిన పాత కొటేషన్ ఇప్పటికీ చూపిస్తుంటే, మళ్లీ వేయించండి.

ముగ్గురి రేట్లూ వచ్చాయి. ఒకరిది మరీ తక్కువగా ఉంది. ఏం చెయ్యాలి? ఎగిరి గంతెయ్యకండి. అతన్ని కూర్చోబెట్టి మంచిగా అడగండి. "ఏం మేస్త్రీ, ఈ రేటు నీకు ఎలా గిట్టుబాటవుతుంది?" అని. సమాధానం ఉంటే మంచిదే. సొంత సెంట్రింగ్ సామాను ఉండొచ్చు. సొంత మనుషులు ఉండొచ్చు. సమాధానం లేకపోతే, ఆ తక్కువ మొత్తం ఎక్కడో ఒకచోట కోత పడుతుంది. సిమెంటులోనో, మధ్యలో ఆగిపోయిన పనిలోనో. ప్రభుత్వం కూడా మరీ లెస్సుకు వేసినవాళ్ల దగ్గర అదనపు పూచీ అడుగుతుంది.

ఇంకో తెలివి ఉంది. అది కాస్త గమనించాలి. కొందరు మొదట చేసే పనులకు రేటు పెంచుతారు. చివరి పనులకు తగ్గిస్తారు. మొత్తం చూస్తే తక్కువే. పునాదికీ స్లాబుకూ బాగా డబ్బు తీసుకుంటారు. టైల్సూ రంగులూ వచ్చేసరికి ఫోను ఎత్తరు. కాబట్టి మొత్తం ఒక్కటే చూడకండి. వరస వరసా చూడండి. మీరిచ్చే డబ్బు ఎప్పుడూ జరిగిన పనికి ఒక అడుగు వెనకే ఉండాలి. ప్రభుత్వ పనుల్లో ముందు కొలిచి, కొలతల పుస్తకమైన ఎం-బుక్‌లో రాసి, ఆ తర్వాతే బిల్లు చేస్తారు. ఇందిరమ్మ ఇళ్లకు కూడా సొమ్ము దశలవారీగానే వస్తుంది. ఇల్లు ఎంతదాకా లేచిందో చూసుకుని ఇస్తారు. మీరూ ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టుకోండి. మీ ఎం-బుక్ అదే.

మరి ముందుగా కొలవలేనివి కూడా ఉంటాయి కదా? ఉంటాయి. నేల కింద ఏముందో ఎవరికి తెలుసు? గుంటూరు వైపు నల్లరేగడి నేలలు ఉన్నాయి. వానకు ఉబ్బుతాయి, ఎండకు బీటలు తీస్తాయి. నాలుగడుగులు అనుకున్న పునాది ఆరడుగులు కావచ్చు. అలాంటి చోట మొత్తానికి గుత్త మాట్లాడుకుంటే ఎవరో ఒకరు నష్టపోతారు. మేస్త్రి భయంతో ఎక్కువ అడుగుతాడు. లేకపోతే ధైర్యంగా తక్కువ చెప్పి, గుంత దగ్గర ఆగిపోతాడు. నా పద్ధతి చెప్తాను. నేల కింది పనికి కొలత మీద రేటు. ఘనపుటడుగుకు ఇంత. ఎంత తవ్వితే అంత. నేల పైన కనిపించే పనికి కావాలంటే గుత్త. దీని మీద మా ఇంజనీర్లలోనే వాదనలున్నాయి. నేను మాత్రం ఈ పద్ధతి మీదే నిలబడతాను.

ఇవన్నీ అయ్యాక, మొత్తం మీద నూటికి మూడు నుంచి అయిదు రూపాయలు పక్కన పెట్టండి. అనుకోనివి వస్తాయి. ఆ డబ్బు ఉన్నట్టు మేస్త్రికి చెప్పకండి.

ఇంత చెప్తున్నాను గానీ, నేనూ తప్పు చేశాను. మా ఇంటి మేడ మీద గది కట్టించినప్పుడు చిట్టా నేనే రాశాను. ఊరందరికీ ఎస్టిమేట్లు వేసిన చెయ్యి కదా అని ధీమా. పునాది లేదు, పాత స్లాబు మీదే గది. సులువు అనుకున్నాను. నాలుగు పేజీలు రాశాను. మేస్త్రికి ఇచ్చాను. పని అయిపోవచ్చింది. ఒకరోజు సాయంత్రం మా ఆవిడ పైకొచ్చింది. చుట్టూ చూసింది. "పిల్లలు వస్తే ఇక్కడ ఎలా ఆడుకుంటారండీ? పిట్టగోడ ఏదీ?" అంది. కాగితాలు తీసి చూశాను. నాలుగు పేజీల్లో పిట్టగోడ లేదు. మేస్త్రి ఒక్క మాట కూడా అనలేదు. కొత్త రేటు చెప్పాడు. ఇచ్చుకున్నాను.

అప్పటినుంచి చిట్టా రాశాక ఒక పని చేస్తున్నాను. ఇంట్లో వాళ్లకు పైకి చదివి వినిపిస్తాను. గేటు దగ్గర మొదలుపెడతాను. వరండా, హాలు, వంటిల్లు, పెరడు, మెట్లు, మేడ. నడుస్తూ చదువుతాను. వంటింట్లో గట్టు ఎత్తు ఎంత, గ్రైండరు ఎక్కడ, దానికి ప్లగ్గు ఎక్కడ అని అడిగేది ఆడవాళ్లే. ఇంజనీరుకు తట్టనివి వాళ్లకు తడతాయి.

ఇల్లు మొదలుపెట్టబోతున్న వాళ్లకు నా విన్నపం ఇది. ఈ ఆదివారం ఒక టేపు, ఒక నోట్‌బుక్ పట్టుకుని, ఇంట్లో వాళ్లతో కలిసి చిట్టా రాయండి. మూడు జిరాక్సులు తీయించి ముగ్గురు మేస్త్రులకు ఇవ్వండి. రేట్లు వాళ్ల చేత్తోనే వేయించుకోండి. కుదిరిన మేస్త్రితో ప్రతి పేజీ కిందా సంతకాలు పెట్టుకోండి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి ఆయన దగ్గర ఉండాలి. బయానా ఆ తర్వాతే ఇవ్వండి. పిట్టగోడ మర్చిపోకండి.